పిల్లల్ని చూసుకునే పని ఏ పుస్తకంలో రాయాలి?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



మా పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి వాయిదాలు ఎంత కట్టాము అనేది నివేదికలో పట్టికగా వచ్చింది. అది మీరంతా చూసుకోవచ్చు. మాకిచ్చిన ఈ కాసేపట్లో ఏ పట్టికలోనూ లేని ఒక పని గురించి చెప్పుకోవాలని మా సంఘంలో తీర్మానం చేసుకుని వచ్చాము. ఆ పని మన పిల్లల్ని చూసుకోవటం. అందులోనూ ఇంకా బడికి పోని చిన్నపిల్లల్ని చూసుకోవటం.

ఇది ఇంటి సంగతి కదా, సభలో ఎందుకు అని ఎవరికైనా అనిపించవచ్చు. సారా కూడా ఒకప్పుడు ఇంటి సంగతే. మొగుడు తాగొచ్చి కొడితే తలుపు వేసుకుని ఏడ్చేవాళ్లు మన అమ్మలు, అత్తలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు కలిసి బయటికి వచ్చాక అది ఊరి సంగతి అయింది, తర్వాత రాష్ట్రం సంగతి అయింది. 1993లో సారా ఆగింది. ఇంట్లో ఒక్కతే మోసినంత కాలం అది ఆమె తలరాత. పదిమంది కూర్చుని మాట్లాడితే దానికి ఒక దారి దొరుకుతుంది. మన సంఘాలు పుట్టిందే అట్లా.

మన సంఘాలకు పంచసూత్రాలు ఉన్నాయి. క్రమం తప్పని సమావేశం, క్రమం తప్పని పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో వాయిదా, సక్రమంగా పుస్తకాలు. నిద్రలో లేపి అడిగినా చెబుతాము. మంచి సూత్రాలు. వీటి వల్లనే ఇంత దూరం వచ్చాము. సమావేశానికి ఆలస్యంగా వస్తే పది రూపాయలు జరిమానా అనే కట్టుబాటు కూడా మా సంఘాల్లో మొదటి నుంచి ఉంది. అది లేకపోతే ఎవరి ఇష్టం వాళ్లది అవుతుంది.

కిందటేడు ఆడిట్‌కు పుస్తకాలు సర్దుతుంటే మా బుక్‌కీపర్ ఒక మాట అంది. “అక్కా, జరిమానా కట్టేవాళ్ల పేర్లు చూడండి, అవే పేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయి.” మినిట్స్ పుస్తకం ముందేసుకుని చూశాము. నిజమే. వాళ్లందరికీ మూడేళ్ల లోపు పిల్లలున్నారు. వాళ్లలో బద్ధకస్తురాలు ఒక్కతి కూడా లేదు. ఒకామె బిడ్డ బయల్దేరేటప్పుడే విరేచనం పెట్టుకున్నాడు. ఒకామె బిడ్డ అప్పుడే నిద్రపోయింది, లేపితే రాత్రంతా ఏడుస్తుంది. ఒకామె అత్తమ్మ, “నీ సంఘం నువ్వు చూసుకో, నీ పిల్లను నేను చూడను” అంది. సంఘాలు పెట్టిన రోజుల్లో చేరినవాళ్లకు ఇప్పుడు మనవళ్లున్నారు. వాళ్ల స్థానంలో కోడళ్లు, కూతుళ్లు చేరుతున్నారు. సభ్యుల వయసు మారింది, ఇళ్లు కూడా మారాయి. ఒకే గోడకు రెండు పొయ్యిలు ఉన్న ఇళ్లు తగ్గాయి. కేకేస్తే వచ్చి బిడ్డను ఎత్తుకునే తోడికోడలు ఇప్పుడు హైదరాబాదులోనో, గుంటూరులోనో ఉంది.

దాంతో మేము ఒక పని చేశాము. ఒక సమావేశంలో ఒక చెల్లిని లేపి, “నీ రోజు ఎట్లా గడుస్తుందో వరుసగా చెప్పు” అన్నాము. ఆమెకు పెద్దమ్మాయి మూడో తరగతి, చిన్నవాడికి పద్నాలుగు నెలలు. ఆమె చెబుతుంటే బుక్‌కీపర్ అప్పుల పుస్తకంలో రాసినట్టే గీతలు కొట్టి రాసింది.

నాలుగున్నరకు లేవటం, వాకిలి ఊడ్చి నీళ్లు చల్లటం. కుళాయి వస్తే బిందెలు పట్టటం. అన్నం, కూర. మధ్యలో చిన్నవాడు లేస్తే పాలివ్వటం, వాణ్ణి చంకలో వేసుకుని మిగతా వంట ఒంటిచేత్తో చేయటం. పెద్దదానికి జడలు, క్యారేజీలు కట్టటం. ఏడున్నరకు మిరపకోత ఆటో. సాయంత్రం ఐదున్నరకు ఇంటికి. పిల్లవాడికి స్నానం, బట్టలు ఉతకటం, మళ్లీ వంట, వాడికి తినిపించటం, వాడు ఉమ్మేసింది తుడవటం, మళ్లీ తినిపించటం, పెద్దదాని ఎక్కాలు, గిన్నెలు, పక్కలు. తొమ్మిదిన్నరకు నడుం వాల్చటం.

బుక్‌కీపర్ కూడింది. కూలికి పోయి రావటం పది గంటలు. ఇంటిపని, పిల్లల పని ఏడు గంటలు. మొత్తం పదిహేడు. “రాత్రి రెండుసార్లు లేస్తాను కదా, అది ఎక్కడ రాస్తావు?” అని ఆ చెల్లి అడిగింది. మాలో ఎవరికీ ఎక్కడ రాయాలో తెలియలేదు.

కూలికి డబ్బు వచ్చింది, ఆ డబ్బులోంచి పొదుపు వచ్చింది, అది మన పుస్తకంలోకి ఎక్కింది. మిగతా ఏడు గంటలు ఎక్కడా ఎక్కలేదు. పైగా కోతలు లేని రోజుల్లో అదే మనిషిని “ఇంట్లో ఖాళీగానే ఉన్నావు కదా” అంటారు. రెండేళ్ల బిడ్డ ఉన్న ఇంట్లో ఖాళీ అనే మాట ఎక్కడి నుంచి వచ్చిందో మాకైతే అర్థం కాదు.

మా ప్రాంతంలో మిరప ఎక్కువ. మిరపకోత సంగతి తెలిసినవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. జనవరి నుంచి వేసవి దాకా కోతలే. ఆ నాలుగు కూలి డబ్బులే సంవత్సరమంతా వాయిదాలకు ఆధారం. కానీ మిరపకాయ కోసిన చేత్తో బిడ్డను ఎత్తుకోలేము. సబ్బుతో కడిగినా మంట పోదు. నూనె రాసుకుని, మజ్జిగతో రుద్దుకుని, మళ్లీ సబ్బుతో కడిగినా వేళ్ల సందుల్లో, గోళ్లలో ఘాటు ఉండనే ఉంటుంది. ఆ చెయ్యి బిడ్డ కంటికి తగిలితే వాడి ఏడుపు చేనంతా వినపడుతుంది. పాలివ్వాలంటే భయం. రవికకు కూడా ఘాటు అంటుకుని ఉంటుంది. వేపచెట్టు కొమ్మకు పాతచీరతో ఉయ్యాల కట్టి, బిడ్డను అందులో వేసి, సాలు కోసుకుంటూ మధ్యమధ్య తల తిప్పి చూసుకునే తల్లిని మనమందరం చూశాము, మనలో చాలామంది ఆ తల్లులమే. కళ్లంలో తాలుకాయలు ఏరేచోట ఇంకా కష్టం. అక్కడ గాలే ఘాటు. పెద్దవాళ్లమే దగ్గుతాము, పసివాడి సంగతి చెప్పేదేముంది.

అందుకని బిడ్డను చేనికి తీసుకుపోరు. ఇంట్లో వదులుతారు. ఎవరి దగ్గర వదులుతారు? మేము ఈ రోజు మాట్లాడటానికి అసలు కారణం ఇదే.

పెద్దపిల్ల దగ్గర వదులుతారు. తొమ్మిదేళ్ల పిల్ల, పదేళ్ల పిల్ల. ఎక్కువగా ఆడపిల్ల. మగపిల్లవాడిని బడి మానిపించి తమ్ముణ్ణి చూసుకోమనే ఇల్లు మా ఊళ్లో మాకు కనపడలేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హాజరు పుస్తకం చూస్తే ఆ పిల్ల పేరుకు ఎదురుగా వరుసగా గైర్హాజరు ఉంటుంది. తర్వాత పరీక్షలు. పరీక్షలో వెనకబడుతుంది. రెండేళ్లు అట్లా అయ్యాక “దీనికి చదువు అబ్బటం లేదు” అంటాము. అబ్బకపోవటం కాదు. ఆ పిల్ల ఒక ఉద్యోగం చేస్తోంది. జీతం లేని ఉద్యోగం. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు అని చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. చంకలో తమ్ముడున్న పిల్లకు ఆ హక్కు ఎట్లా అందుతుంది?

మేము ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ఆ తల్లి కోతకు పోయిన కూలితోనే మన వాయిదా కట్టింది. మన రికవరీ నూటికి నూరు వచ్చింది. ఆ నూరులో ఆ పిల్ల బడిమానిన రోజులు కూడా ఉన్నాయి. ఈ సంగతి మనం తెలుసుకుని ఉండాలి.

అంగన్‌వాడీ ఉంది కదా అంటారు. ఉంది. మాకు ఎంతో ఉపయోగం. 1975లో దేశంలో ఈ కార్యక్రమం మొదలైంది, ఇప్పుడు అంగన్‌వాడీ లేని ఊరు లేదన్నట్టే. గర్భిణికి, బాలింతకు పౌష్టికాహారం, బరువు చూడటం, టీకాల రోజు గుర్తు చేయటం, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఆటపాటలు, వేడి అన్నం, గుడ్డు. మా ఊరి టీచరమ్మ ఇంటింటికీ తిరిగి పిల్లల్ని పిలుచుకుపోతుంది. అయితే ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అక్కడ వచ్చేది ఇంటికి తీసుకెళ్లే సరుకు. బాలామృతం ఇస్తారు, గుడ్లు ఇస్తారు, బిడ్డను మాత్రం అక్కడ ఉంచుకోరు. నడక రానివాడు, అప్పుడే నడక వచ్చినవాడు, ఏది దొరికితే అది నోట్లో పెట్టుకునేవాడు, నీళ్ల తొట్టి వైపు పాకేవాడు, వీళ్లు అందరూ ఆ వయసు వాళ్లే. మనిషి కన్ను ఎక్కువ కావలసిన వయసులోనే చూసుకునే చోటు లేదు.

డాక్టర్లు వెయ్యి రోజులు అంటారు. కడుపులో ఉన్న తొమ్మిది నెలలు 270 రోజులు, పుట్టాక రెండేళ్లు 730 రోజులు, మొత్తం వెయ్యి. బిడ్డ ఎదుగుదలకు, మెదడు పెరగటానికి ఈ వెయ్యి రోజులే పునాది. ఆ రోజుల్లో తిండి ఎంత ముఖ్యమో, ఒకరు ఎదురుగా కూర్చుని మాట్లాడటం, నవ్వించటం, పేరు పెట్టి పిలవటం అంత ముఖ్యం. మన నాయనమ్మలకు ఈ లెక్క తెలియదు కానీ పని తెలుసు. కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రాసి, నీళ్లు పోసి, సాంబ్రాణి పొగ వేసి, అంతసేపూ బిడ్డతో కబుర్లు చెప్పేవాళ్లు. పొగ వేయొద్దు, అది ఊపిరితిత్తులకు మంచిది కాదు అని ఇప్పుడు నర్సమ్మ చెబుతుంది, వినాలి. కబుర్లు మాత్రం మానొద్దు.

ఇప్పుడు కబుర్ల స్థానంలో ఫోన్ వచ్చింది. ఫోన్‌లో బొమ్మలు పెట్టి అన్నం తినిపించటం అన్ని ఇళ్లలోనూ ఉంది. ఏడాది లోపు పిల్లలకు ఫోన్, టీవీ అసలు చూపించవద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వాళ్లకు రోజుకు గంటకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ మాట తల్లికి చెప్పి ఆమెను తిట్టి ఊరుకుంటే లాభం లేదు. పదిహేడు గంటలు పనిచేసిన మనిషి రెండు చేతులు ఖాళీ కావాలని ఫోన్ ఇస్తుంది. ఇంట్లో ఇంకో రెండు చేతులుంటే ఫోన్ దానంతటదే పక్కకు పోతుంది.

ఆ రెండు చేతులు ఎవరివి? నాన్నలవి కూడా కావచ్చు. మా ఊళ్లో ఒక తమ్ముడు ఆటో తోలుతాడు. సాయంత్రం కూతుర్ని ముందు కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుతాడు, ఆ గంటలో ఇంట్లో వంట అయిపోతుంది. మొదట్లో అందరూ నవ్వారు. “ఏందిరా, ఆయా ఉద్యోగం దొరికిందా” అన్నారు. అతను కూడా నవ్వి ఊరుకున్నాడు. ఇప్పుడు ఇంకో ఇద్దరు అట్లా తిప్పుతున్నారు. అతనికి ఎవరూ శిక్షణ ఇవ్వలేదు. కూతురు ఏడిస్తే చూడలేకపోయాడు, అంతే.

తల్లుల మీద మాటలు ఎక్కువ. బిడ్డ బక్కగా ఉంటే తల్లి పెట్టలేదు అంటారు. బొద్దుగా ఉంటే తల్లి పని మాని బిడ్డ మీదే పడింది అంటారు. కూలికి పోతే డబ్బు పిచ్చి, పోకపోతే సోమరి. సంఘం మీటింగుకు వస్తే ఊరి పెత్తనం. ఈ మాటలు అనేవాళ్లలో మగవాళ్లకంటే మనమే ఎక్కువ, ఇది మనలో మనం ఒప్పుకోవలసిన మాట. కాన్పు అయిన మూడో నెలలో ఊరికూరికే ఏడుస్తున్న ఒక కోడలిని అందరూ “దిష్టి తగిలింది” అన్నారు. మా సంఘంలో ఒక పెద్దమ్మ ఆమె పక్కన కూర్చుని, “నిద్ర ఉందా అమ్మా?” అని అడిగింది. రెండు నెలల నుంచి మూడు గంటలు కలిపి నిద్రపోలేదట. ఆ పెద్దమ్మ నాలుగు రోజులు మధ్యాహ్నం పూట బిడ్డను తన ఇంటికి తీసుకుపోయింది. కొంత తేరుకుంది. ఆ తర్వాత ఆశా కార్యకర్తతో కలిసి ఆసుపత్రికి పోయింది, ఇప్పుడు బాగుంది. దిష్టి తీసినా తప్పులేదు, కానీ నిద్ర సంగతి ముందు అడగాలి.

ఇక మా గ్రామ సంఘంలో ఏం చేశామో చెబుతాము. గొప్ప పనులు కావు. చేసినవి, కుదిరినవి, కుదరనివి ఉన్నవి ఉన్నట్టు చెబుతాము.

మొదటిది సమావేశం. రాత్రి ఏడింటికి పెట్టేవాళ్లం, అది పిల్లలకు అన్నం పెట్టే వేళ. నెలలో రెండు ఆదివారాలు మధ్యాహ్నం మూడింటికి మార్చాము. గదిలో ఒక మూల చాప వేసి, నాలుగు గిన్నెలు, గరిటెలు, ఖాళీ డబ్బాలు పెట్టాము. ప్రతి సమావేశానికి ఇద్దరు సభ్యులు వంతులవారీగా ఆ చాప దగ్గర కూర్చుంటారు. వాళ్ల పేర్లు మినిట్స్‌లో రాస్తాము, “పిల్లల బాధ్యత” అని. మా పుస్తకంలో ఆ పనికి దొరికిన మొదటి గీత అది.

రెండోది జరిమానా. ఏడాది లోపు బిడ్డ ఉన్న సభ్యురాలికి ఆలస్యపు జరిమానా తీసేశాము. పొదుపు పంపిస్తే చాలు, హాజరు వేస్తాము. అప్పు తీసుకునే వంతు పోదు. కాన్పు అయిందని లీడర్ పదవి నుంచి తీసేయకూడదని కూడా రాసుకున్నాము.

మూడోది వాయిదా. బ్యాంకు వాయిదా ఆపలేము. గడువు తప్పితే సున్నా వడ్డీ అందరికీ పోతుంది. అందుకని కాన్పు అయిన మూడు నెలలు అంతర్గత అప్పులో అసలు కట్టనవసరం లేదు, వడ్డీ మాత్రం కడితే చాలు అని పెట్టుకున్నాము. ఆ కాస్త వెసులుబాటుతో ఒక చెల్లి నలభై రోజుల బాలింతగా కోతకు పోకుండా ఇంట్లో ఉండగలిగింది. బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప మంచినీళ్లు కూడా వద్దని మనం గోడల మీద రాస్తాము. తల్లి ఇంట్లో ఉండే దారి చూపకుండా గోడమీద రాస్తే ఏం లాభం?

నాలుగోది టీకాలు. పుట్టగానే, ఆరు వారాలకు, పది వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు, ఏడాదిన్నర దాటే వేళకు. వాయిదా తేదీలు రాసే బోర్డు మీదనే ఒక పక్కన మా పిల్లల టీకా తేదీలు రాస్తున్నాము. వాయిదా మర్చిపోని మనుషులం, టీకా ఎట్లా మర్చిపోతాము?

అయిదోది కోతల్లో పిల్లల గది. ఇది అన్నిటికంటే కష్టమైంది. మోకాళ్ల నొప్పులతో కోతకు పోలేని ముగ్గురు పెద్ద సభ్యులు ముందుకు వచ్చారు. గ్రామ సంఘం గదిలో ఏడింటి నుంచి ఆరింటి దాకా పిల్లల్ని ఉంచాము. తల్లులు బిడ్డకు రోజుకు ముప్పై రూపాయలు ఇచ్చారు, దాన్ని ఆ ముగ్గురు పంచుకున్నారు. బిడ్డ వచ్చిన వేళ, పోయిన వేళ, తిన్నది, మందు ఉంటే మందు ఒక నోటు పుస్తకంలో రాశాము. ఆరు నెలలు నిండని బిడ్డను తీసుకోలేదు. ఎనిమిది మంది పిల్లలతో మొదలైంది, ఏడు వారాలు నడిచింది.

మొదటి వారంలోనే తెలిసిన సంగతి, పాకే పిల్లలు ఉంటే ఒక మనిషి ముగ్గురికంటే ఎక్కువమందిని చూడలేదు. రెండో వారంలో ఒకరికి జలుబు వస్తే అందరికీ వచ్చింది. జ్వరం ఉన్న బిడ్డను తీసుకురావద్దు అన్నాము, అప్పుడు ఆ తల్లికి ఆ రోజు కూలి పోయింది. దీనికి ఇంకా మార్గం దొరకలేదు. ముప్పై రూపాయలు ఇవ్వలేక ఒక తల్లి మానుకుంది, ఆమె వంతు గ్రామ సంఘం నుంచి కట్టాక మళ్లీ వచ్చింది. ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. చూసుకునే పెద్దమ్మల్లో ఒకామె ఫలానా పేట మనిషి అని రెండిళ్ల వాళ్లు పిల్లల్ని పంపలేదు. పొదుపు కలిపి పెట్టుకుంటాము, అప్పు కలిసి తీసుకుంటాము, గ్యారంటీ సంతకం ఒకరికొకరం పెట్టుకుంటాము, అన్నం ముద్ద దగ్గర మాత్రం ఆగిపోతాము. ఒక ఇల్లు తర్వాత పంపింది. ఇంకో ఇల్లు చివరిదాకా పంపలేదు. ఆ ఇంటి పెద్దపిల్ల ఈ సంవత్సరం కూడా బడి మానింది.

అయినా ఆ ఏడు వారాల్లో మూడో తరగతి పిల్ల ఒకతి, అయిదో తరగతి పిల్ల ఒకతి రోజూ బడికి పోయారు. “ఈసారి ఫిబ్రవరిలో కూడా బడికి వస్తున్నావే” అని వాళ్ల టీచరు అందట. మా రికవరీ కాగితం మీద ఎవరూ రాయని ఆ మాట మాకు చాలా పెద్ద మాట.

ఒక నవ్వొచ్చే సంగతి చెప్పి మా కోరికల్లోకి వస్తాము. ఆ చాప మూల పిల్లలు ఇప్పుడు సంఘం ఆట ఆడుతున్నారు. చింతపిక్కలు పొదుపు. గుండ్రంగా కూర్చుంటారు. ఒకతి లీడరు, వేలితో గాలిలో సంతకం పెట్టిస్తుంది. ఒకరోజు నాలుగేళ్ల పిల్ల ఇంకొకడిని “నువ్వు లేటు, జరిమానా కట్టు” అంది. వాడు, “నాకు బుజ్జి బాబు ఉన్నాడు, నాకు జరిమానా లేదు” అని చంకలోని బొమ్మను చూపించాడు. మేము రెండు గంటలు చర్చించి చేసిన తీర్మానం వాళ్లకు నోటికి వచ్చేసింది. పైగా బొమ్మను ఎత్తుకున్నవాడు మగపిల్లవాడు.

ఇక ఈ మహాసభను మేము కోరేవి నాలుగు.

ఒకటి. ఏడాది లోపు బిడ్డ ఉన్న సభ్యురాలికి ఆలస్యపు జరిమానా వద్దని, కాన్పు కారణంగా ఎవరి పదవీ తీయకూడదని మండలంలో అన్ని గ్రామ సంఘాలకూ ఒకే తీర్మానం చేయాలి.

రెండు. మండల సమాఖ్య సమావేశాల్లో, శిక్షణల్లో పిల్లలకు ఒక గది, తల్లి పాలివ్వటానికి ఒక చాటు, తాగేనీళ్లు ఉండాలి. రెండు రోజుల శిక్షణకు బిడ్డతో వచ్చే సభ్యురాలికి తోడు మనిషి ఛార్జీలు కూడా ఇవ్వాలి. లేకపోతే శిక్షణలన్నీ పిల్లలు పెద్దవాళ్లయిన మాబోటి వాళ్లకే దక్కుతాయి, చిన్న వయసు వాళ్లు లీడర్లు కావటం ఎప్పటికి?

మూడు. పిల్లల గదులు మేము చేతి డబ్బుతో ఎంతకాలం నడపగలం? ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల కోసం అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడిపే ‘పాల్నా’ పథకం 2022లో వచ్చింది. మిరప ఎక్కువగా ఉన్న ఊళ్లకు అది కావాలని సమాఖ్య తరఫున ఐసీడీఎస్ వారికి అర్జీ పెట్టాలి. అట్లాగే 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని చోటికి ఆరేళ్ల లోపు పిల్లలు అయిదుగురు, అంతకు మించి వస్తే వాళ్లను చూసుకోవటానికి ఒక మహిళను పెట్టి ఆమెకు కూలి ఇవ్వాలని రాశారు. పని దగ్గర మనం అడిగితేనే అది జరుగుతుంది. అడిగే బాధ్యత ప్రతి గ్రామ సంఘంలో ఒకరు తీసుకోవాలి.

నాలుగు. వచ్చే సంవత్సరం నివేదికలో పొదుపు, అప్పు, రికవరీ పట్టికల పక్కన ఇంకో చిన్న పట్టిక చేర్చండి. కోతల కాలంలో ఇంట్లో చంటిపిల్లల్ని చూసుకోవటానికి బడి మానిన ఆడపిల్లలు ప్రతి ఊళ్లో ఎందరు? మన సభ్యుల ఇళ్లలో ఎందరు? మనకు రూపాయి తేడా వస్తే రాత్రి కూర్చుని వెతుకుతాము. ఈ లెక్క కూడా అట్లాగే వెతుకుదాము. ఆ పట్టికలో సున్నా వచ్చిన ఊరికి మహాసభలో అందరికంటే ముందు చప్పట్లు కొడదాము.

చంటిపిల్లల కాలం చాలా చిన్నది. మోసేటప్పుడు నడుం విరిగినట్టుంటుంది, వెనక్కి చూసుకుంటే ఎప్పుడు గడిచిందో తెలియదు. పళ్లు వచ్చిన రోజు, మొదటి అడుగు వేసిన రోజు, “అమ్మా” అన్న రోజు చాలామందిమి చేలోనే ఉన్నాము, సాయంత్రం ఎవరో చెబితే విన్నాము. అందుకు ఎవరినీ అనేది లేదు, బతకాలి కదా. మన తర్వాత వచ్చే కోడళ్లకు, కూతుళ్లకు మాత్రం ఆ అడుగు చూసే తీరిక కాస్తయినా దొరకాలి. ఆ అడుగు కోసం ఇంకో పిల్ల బడి మానకూడదు. ఈ రెండూ సంఘం చేయగల పనులే.

 మధ్యాహ్నం తీర్మానాల వేళకు పై నాలుగూ ఓటుకు పెట్టమని అధ్యక్షురాలు గారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాము.